పచ్చిక బయలులో పాటల పండుగ

సంగీతాన్ని అందరూ చెవితోనే వింటారు. కాని మంచి శ్రోత వినడానికి ముందే కొంత తెలుసుకొని వస్తాడు. పాడబోయేవారెవరు, వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వారి చేతిలోని వాద్యం ఏ దారిన అక్కడికి చేరింది అన్న విషయాలు తెలిసినవానికి ప్రతి స్వరం వెనుక ఒక మనిషి కనిపిస్తాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేసవి రాగానే పల్లెల పొలిమేరలలో, కొండల నడుమనున్న పచ్చిక బయళ్ళలో బ్లూగ్రాస్ సంగీతోత్సవాలు మొదలవుతాయి. ఒక్కొక్క ఉత్సవం జరిగేది మూడు నాలుగు రోజులే. శ్రోతకు మాత్రం అది కొన్ని నెలల ముందు, రాబోయే కళాకారుల జాబితా వెలువడిన నాడే ప్రారంభమవుతుంది. అతడు ఆ జాబితాను ముందుంచుకొని తెలిసిన పేర్ల దగ్గర ఆగుతాడు. తెలియని పేర్ల దగ్గర మరికొంతసేపు ఆగుతాడు. ఆ జాబితాను చదవడం కూడా ఒక విద్యే. అది అలవడాలంటే ముందుగా ఆ సంగీతం పుట్టుకను తెలుసుకోవాలి.

కెంటకీ రాష్ట్రంలో విరివిగా పెరిగే ఒక జాతి పచ్చికకు బ్లూగ్రాస్ అని పేరు. ఆ గడ్డి పేరే రాష్ట్రానికి ముద్దుపేరయింది. ఆ రాష్ట్రంలోని రోజిన్ అనే చిన్న ఊరిలో 1911 సెప్టెంబరు 13న బిల్ మన్రో జన్మించాడు. ఎనిమిదిమంది సంతానంలో అతడు కడపటివాడు. చూపు సరిగా లేని పిల్లవాడు కావడం వల్ల చెవినే ఎక్కువగా నమ్ముకున్నాడు. ఇంట్లో అందరికీ సంగీతమంటే ప్రీతి. పెద్దన్నలు ఫిడేలును, గిటారును ముందే చేజిక్కించుకోగా చిన్నవానికి మిగిలింది మాండలిన్. దానికి ఎనిమిది తీగలుంటాయి. తమ్ముని వాద్యం మరీ గట్టిగా మోగకుండా నాలుగు తీగలు తీసివేసి వాయించుకోమని అన్నలు చెప్పారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇలా ఎవరూ కోరుకోక మిగిలిపోయిన ఆ వాద్యమే తరువాత ఒక కొత్త సంగీతానికి వెన్నెముక అయింది.

మన్రోకు పదేళ్ళ వయస్సులో తల్లి, పదహారేళ్ళ వయస్సులో తండ్రి మరణించారు. అన్నలు పనులు వెతుక్కుంటూ ఉత్తరాది నగరాలకు వెళ్ళిపోయారు. ఒంటరియైన ఆ బాలుణ్ణి మేనమామ పెండిల్టన్ వాండివర్ చేరదీశాడు. ఆయన ఆ ప్రాంతంలో పేరున్న ఫిడేలు వాద్యకారుడు. చుట్టుపక్కల ఇళ్ళలో జరిగే నృత్యాలకు వాయించడానికి వెళ్ళేటప్పుడు మేనల్లుణ్ణి కూడా వెంటబెట్టుకొని వెళ్ళేవాడు. అదే ప్రాంతంలో ఆర్నాల్డ్ షుల్జ్ అనే నల్లజాతి కళాకారుడుండేవాడు. అతని గిటారు వాదనాన్ని, బ్లూస్ పోకడలను మన్రో శ్రద్ధగా గ్రహించాడు. మేనమామ నేర్పిన నృత్యపు నడక, షుల్జ్ దగ్గర విన్న విషాదపు ఛాయ, చర్చిలో పాడిన భక్తిగీతాల స్వరమేళనం అతని మనస్సులో ఒకటయ్యాయి. దిక్కులేని బాల్యంలోని ఒంటరితనం అతని గొంతులో తారస్థాయికి లేచి పలికింది. ఆ ఎత్తైన, ఏకాకియైన స్వరమే నేటికీ ఆ సంగీతానికి గుర్తు.

1939లో మన్రో నాష్‌విల్ నగరం నుండి ప్రసారమయ్యే ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ అనే రేడియో కార్యక్రమంలో స్థానం పొందాడు. సొంత రాష్ట్రం మీది అభిమానంతో తన బృందానికి ‘బ్లూగ్రాస్ బాయ్స్’ అని పేరు పెట్టుకున్నాడు. 1945లో గిటారు వాద్యకారుడు, గాయకుడు అయిన లెస్టర్ ఫ్లాట్, ఆ ఏడాది చివరలో ఉత్తర కరోలినాకు చెందిన ఎర్ల్ స్క్రగ్స్ ఆ బృందంలో చేరారు. స్క్రగ్స్‌కు అప్పటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. అతడు బాంజోను మూడు వేళ్ళతో, జలపాతం దూకినట్లు ఎడతెగని స్వరధారతో వాయించేవాడు. ఆ కలయికతో సంగీతానికి పూర్ణరూపం వచ్చిందని విమర్శకుల అభిప్రాయం. 1948లో ఫ్లాట్, స్క్రగ్స్ ఇద్దరూ మన్రోను విడిచి వెళ్ళి సొంత బృందం కట్టుకున్నారు. గురువు మనస్సుకు గాయమైంది. తన సృష్టిని ఇతరులు తీసుకొని పోయారని ఆయన భావించాడు. రెండు దశాబ్దాలకు పైగా మన్రోకు, ఫ్లాట్‌కు మధ్య మాటలు లేవు.

ఈ సంగీతంలో సాధారణంగా అయిదు వాద్యాలుంటాయి: మాండలిన్, ఫిడేలు, బాంజో, గిటారు, నిలువెత్తు బాస్. కొన్ని బృందాలలో డోబ్రో అనే మరొక తీగవాద్యం చేరుతుంది. ఇందులో డ్రమ్ముకు చోటు లేదు. తాళగతిలో బలమైన దెబ్బలను బాస్ మోస్తే, వాటి నడుమ దెబ్బలను మాండలిన్ తీగలను తటాలున కొట్టి ఆపే ధ్వని పూరిస్తుంది. ఇలా తీగవాద్యాలే తమలో తాము తాళాన్ని పంచుకుంటాయి. పాట చరణానికీ చరణానికీ మధ్య ఒక్కొక్క వాద్యకారుడు ముందుకు వచ్చి తన ప్రతిభ చూపి, వెంటనే వెనుకకు తగ్గి తరువాతివానికి దారి ఇస్తాడు. పూర్వం బృందమంతటికీ ఒకే మైకు ఉండేది. కాబట్టి ఎప్పుడు ముందుకు రావాలో తెలిసినంతగా ఎప్పుడు వెనుకకు తగ్గాలో కూడా తెలిసి ఉండాలి. ఆ కళలో సంస్కారమంతా ఆ అడుగులోనే ఉంది.

ఈ వాద్యాలలో ఏ ఒక్కటీ కెంటకీ కొండలలో పుట్టింది కాదు. బాంజో ఆఫ్రికా సంతతి వాద్యం. బానిసలుగా తీసుకురాబడినవారు తమ స్మృతిలో మోసుకొని వచ్చిన రూపం అది. ఫిడేలు బ్రిటిష్ దీవుల నుండి వలస వచ్చిన కుటుంబాలతో, మాండలిన్ ఇటలీ నుండి వచ్చాయి. తెలుగువారికి మాండలిన్ అనగానే పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తుకు వస్తాడు. మన్రో చేతిలో కొండపాటల వేగాన్ని పలికిన వాద్యాన్నే శ్రీనివాస్ అయిదు తీగల విద్యుత్ మాండలిన్‌గా మలచుకొని కర్ణాటక సంగీతంలోని గమకాలను పలికించాడు. వాద్యానికి జన్మభూమి ఒకటే కావచ్చు. మాతృభాషలు ఎన్నైనా ఉండవచ్చు.

1950ల నడుమ రాక్ అండ్ రోల్ సంగీతం దేశాన్ని ముంచెత్తింది. ఎల్విస్ ప్రెస్లీ 1954లో వెలువరించిన తొలి రికార్డులో ఒక వైపున్న పాట మన్రో రచించినదే. పాట కొత్త వేషంలో లోకమంతా తిరిగింది. దాని తల్లియైన సంగీతానికి మాత్రం ఆదరణ తగ్గింది. ప్రదర్శనలు తగ్గాయి, బృందాలను పోషించుకోవడమే కష్టమైంది. ఒక తరం గడిస్తే ఈ సంగీతం పాత రికార్డులలో తప్ప వినిపించదేమో అన్న భయం కలిగింది. ఆ భయానికి దొరికిన సమాధానమే వేసవి ఉత్సవం.

1960 జూలై 4న బిల్ క్లిఫ్టన్ అనే గాయకుడు వర్జీనియాలోని లూరేలో పూర్తిగా బ్లూగ్రాస్ బృందాలతోనే ఒక రోజు ప్రదర్శనను ఏర్పాటు చేశాడు. 1965 సెప్టెంబరులో కార్ల్‌టన్ హేనీ అనే నిర్వాహకుడు అదే రాష్ట్రంలోని ఫిన్‌కాసిల్ సమీపాన, ఒక గుర్రాల క్షేత్రంలో మూడు రోజుల ఉత్సవాన్ని జరిపాడు. అనేక దినాల బ్లూగ్రాస్ ఉత్సవాలకు అదే నాంది. హేనీ చేసిన యోచన సామాన్యమైనది కాదు. ఒకప్పుడు మన్రో బృందంలో పనిచేసి వెళ్ళిపోయిన కళాకారులను ఒకరి తరువాత ఒకరిని వేదిక మీదకు పిలిచి, గురువు పక్కన నిలబెట్టి, వారు కలిసి వాయించిన నాటి పాటలనే మళ్ళీ పాడించాడు. ఒక సంగీత చరిత్రను పుస్తకంలో చదివినట్లు శ్రోతలు కళ్ళారా చూశారు. తనను విడిచి వెళ్ళినవారు తన సంగీతాన్ని దొంగిలించలేదని, దానిని నాలుగు దిక్కులకు తీసుకొని వెళ్ళారని గురువు గ్రహించడానికి కూడా ఆ వేదిక తోడ్పడింది.

మన్రో 1950ల తొలినాళ్ళలోనే ఇండియానా రాష్ట్రంలోని బీన్ బ్లాసమ్ అనే పల్లెలో ఒక సంగీత ప్రాంగణాన్ని కొన్నాడు. 1967లో అక్కడ తన సొంత ఉత్సవాన్ని ఆరంభించాడు. 1971 వేసవిలో లెస్టర్ ఫ్లాట్ అక్కడికి వచ్చాడు. ఇరవై ఏళ్ళకు పైగా పలకరింపులు లేని ఇద్దరూ చేయి కలిపి, ఒకే వేదికపై నిలిచి పాడారు. ఏ పంచాయితీ తీర్చలేని తగవును పాట తీర్చింది.

నేడు ఈ ఉత్సవాలు అనేక రాష్ట్రాలలో జరుగుతున్నాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క స్వభావం ఉంది. వర్జీనియాలోని గేలక్స్‌లో ఫిడేలు వాద్యకారుల సమ్మేళనం 1935లోనే మొదలైంది. బ్లూగ్రాస్ అన్న పేరు పుట్టకముందే పుట్టిన ఆ వేడుకలో పోటీలదే ప్రాధాన్యం. కాన్సస్ రాష్ట్రంలోని విన్‌ఫీల్డ్‌లో 1972 నుండి జరిగే ఉత్సవం గిటారు పోటీలకు ప్రసిద్ధి. కొలరాడోలోని టెల్యురైడ్ ఉత్సవం 1974 నాటిది. ఎనిమిది వేల ఏడువందల అడుగుల ఎత్తున, మూడు వైపులా కొండలున్న చిన్న పట్టణంలో జూన్ మాసంలో జరుగుతుంది. పగలు ఎండ చుర్రుమంటుంది. రాత్రి దుప్పటి లేనిదే కూర్చోలేరు. 1975లో అక్కడికి తొలిసారి వచ్చిన శామ్ బుష్ అనే మాండలిన్ విద్వాంసుడు దశాబ్దాల తరబడి ఏటేటా వస్తూ ఆ ఉత్సవానికి మారుపేరయ్యాడు. సంప్రదాయాన్ని యథాతథంగా వినగోరేవారు బీన్ బ్లాసమ్ వంటి చోట్లకు వెళతారు. కొత్త ప్రయోగాలను కోరేవారు టెల్యురైడ్ దారి పడతారు. రెండింటికీ వెళ్ళేవారు కూడా ఉన్నారు.

ఇక జాబితా సంగతి. అందులో పెద్ద అక్షరాల పేర్లు, చిన్న అక్షరాల పేర్లు ఉంటాయి. తెలిసిన శ్రోత అక్షరాల పరిమాణాన్ని చూసి మోసపోడు. ప్రతి పేరు దగ్గర మూడు ప్రశ్నలు వేసుకుంటాడు: ఈ కళాకారునికి ఎవరు నేర్పారు? విన్నదానికి ఇతడు కొత్తగా ఏమి చేర్చాడు? ఇతని నుండి ఎవరు నేర్చుకుంటున్నారు? ఈ మూడు ప్రశ్నలతో చూస్తే జాబితా ఒక వంశవృక్షంగా కనిపిస్తుంది.

డెల్ మెకూరీ పేరు చూడండి. 1939లో జన్మించిన ఆయన 1963లో మన్రో దగ్గరకు బాంజో వాయించడానికి వెళ్ళాడు. గురువు ఆయనను గిటారు పట్టి ప్రధాన గాయకునిగా పాడమన్నాడు. అలవాటైన వాద్యాన్ని పక్కన పెట్టి ఎరుగని బాధ్యతను స్వీకరించిన ఆ యువకుడే తరువాత ఈ సంగీతంలోని మేటి గాయకులలో ఒకడయ్యాడు. ఆయన కుమారులిద్దరు మాండలిన్, బాంజో పట్టి తండ్రికి అటూ ఇటూ నిలిచారు. రికీ స్కాగ్స్ కథ మరొకటి. 1960లో కెంటకీలోని ఒక చిన్న ఊరికి మన్రో ప్రదర్శనకు వచ్చినప్పుడు, తమ ఊరి పిల్లవానిచేత కూడా పాడించమని జనం పట్టుబట్టారు. ఆరేళ్ళ ఆ బాలుణ్ణి మన్రో వేదిక మీదకు రప్పించి, తన మాండలిన్‌ను అతని మెడకు తగిలించి, పట్టీని సరిచేశాడు. ఆ పిల్లవాడు పెరిగి, మేనమామను గురించి మన్రో రచించిన పాటను 1984లో కంట్రీ సంగీత పట్టికలో అగ్రస్థానానికి చేర్చాడు.

టెనెసీకి చెందిన సియెరా హల్‌ను పదకొండేళ్ళ ప్రాయంలోనే ప్రసిద్ధ గాయని, ఫిడేలు విదుషి అలిసన్ క్రాస్ ఓప్రీ వేదికపైకి ఆహ్వానించింది. కాలిఫోర్నియాలో సంగీతోపాధ్యాయుడైన తండ్రి దగ్గర నేర్చుకున్న మాలీ టటిల్ గిటారులో మేటి అయింది. అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంగీత సంఘం 1990 నుండి పురస్కారాలిస్తున్నది. మాండలిన్ వాదనంలో ఆ పురస్కారాన్ని 2016లో తొలిసారిగా ఒక స్త్రీ, సియెరా హల్, అందుకుంది. గిటారు విభాగంలో తొలి స్త్రీ మాలీ టటిల్. అది 2017 నాటి మాట. ‘బాయ్స్’ అన్న పేరుతో మొదలైన సంప్రదాయంలో స్త్రీలు ఈ స్థానానికి చేరడానికి అంతకాలం పట్టింది. అదే 2017లో రియానన్ గిడెన్స్ అనే కళాకారిణి ఆ సంఘం సదస్సులో కీలకోపన్యాసం చేస్తూ, ఈ సంగీతం పుట్టుకలో నల్లజాతివారి భాగాన్ని గుర్తుచేసింది. బాంజోను ఇచ్చినవారిని, ఆర్నాల్డ్ షుల్జ్ వంటివారిని మరచిన వంశవృక్షం వేరు లేని చెట్టు వంటిది. జాబితాలో కనిపించే పేర్లతో పాటు కనిపించకుండా పోయిన పేర్లను కూడా తలచుకోవడం శ్రోత ధర్మం.

మిషిగన్‌లో పెరిగిన బిల్లీ స్ట్రింగ్స్ చిన్ననాట సవతి తండ్రి పక్కన కూర్చొని ఈ పాటలు నేర్చుకున్నాడు. 2021లో గ్రామీ పురస్కారం పొంది, వేలాది యువకులను ఆకర్షించే కళాకారుడయ్యాడు. 2022లో, తనకు నేర్పిన ఆ తండ్రితో కలిసి పాత పాటలనే పాడి ఒక ఆల్బమ్ వెలువరించాడు. గురుదక్షిణ అంటే ఇదే కదా!

ఉత్సవ దినం రానే వస్తుంది. శ్రోతలు కుటుంబాలతో, గుడారాలతో, మడత కుర్చీలతో తరలివస్తారు. కొన్ని ఉత్సవాలలో ఒక చక్కని ఆచారం ఉంది. ఉదయమే వచ్చి పచ్చికపై కుర్చీ వేసుకున్నవారు ఎక్కడికైనా వెళితే, వారు తిరిగి వచ్చేదాకా ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు. యజమాని రాగానే నవ్వుతూ లేవాలి. పగలు వేదిక మీద పాడిన కళాకారులే కొన్ని చోట్ల చిన్న గుంపులకు పాఠం చెబుతారు. పదేళ్ళ పిల్ల లేచి, ఆ స్వరం ఏ వేలితో పలికించారని అడుగుతుంది. విద్వాంసుడు మరోసారి, మెల్లగా వాయించి చూపుతాడు.

అయినా ఉత్సవానికి ప్రాణం వేదిక కాదని అక్కడికి వెళ్ళేవారంతా చెబుతారు. రాత్రి దీపాలు ఆరిన తరువాత గుడారాల నడుమ మరొక ఉత్సవం మొదలవుతుంది. ఫిడేలు పెట్టె తెరిచిన ఒకరి దగ్గరకు గిటారుతో మరొకరు చేరతారు. పది నిమిషాలలో వలయం ఏర్పడుతుంది. వారిలో వైద్యుడుంటాడు, వడ్రంగి ఉంటాడు, లారీ డ్రైవరు ఉంటాడు. ఎవరి వృత్తి ఏమిటని ఎవరూ అడగరు. కొత్తవాడు ముందు శ్రుతి సరిచూసుకోవాలి, కాసేపు వినాలి, పాడేవారి గొంతును మించి వాయించరాదు, నాయకుడు తలపంకించినప్పుడే తన వంతు తీసుకోవాలి. ఈ నియమాలు ఏ గోడ మీదా రాసి ఉండవు. తప్పిన పిల్లవాణ్ణి ఎవరూ కసరరు. తరువాతి పాటను కొంచెం నెమ్మదిగా ఎత్తుకుంటారు. ఒక సంగీతాన్ని కాపాడటానికి ఇంతకంటె మంచి పాఠశాల ఉంటుందా?

1985లో ఒక ఆగంతకుడు మన్రో ఇంటిలో చొరబడి, ఆయన నాలుగు దశాబ్దాలుగా వాయిస్తున్న మాండలిన్‌ను ఇనుప కడ్డీతో మోది పేళ్ళుపేళ్ళుగా విరగగొట్టాడు. ఆ పేళ్ళన్నిటినీ ఏరి, దానిని తయారు చేసిన గిబ్సన్ సంస్థకే పంపారు. అక్కడి శిల్పి నెలల తరబడి శ్రమించి ఒక్కొక్క ముక్కను అతికించి, 1986లో దానిని తిరిగి గురువు చేతికిచ్చాడు. మన్రో మళ్ళీ దానినే వాయించాడు. 1996 సెప్టెంబరు 9న ఆయన కన్నుమూశాడు. ఆ మాండలిన్ తరువాత నాష్‌విల్‌లోని ప్రదర్శనశాలకు చేరింది. కాని సంగీతం అద్దాల పెట్టెలోకి చేరలేదు. ఆయన లేని వేసవులలోనూ బీన్ బ్లాసమ్‌లో పాట వినిపించింది.

ఒక సృష్టికర్త మరణించిన తరువాత కూడా ఆయన కళ నిలిచిందంటే, దానికి గొప్ప గాయకులు మాత్రమే కారణం కాదు. పాట విన్నవాడు ఇంటికి వెళ్ళి వాద్యం పట్టడం, పట్టినవాడు మరుసటి ఏడు దానిని వెంట తెచ్చుకోవడం, తెచ్చుకున్నవానికి వలయంలో చోటు దొరకడం కూడా కారణాలే. వినేవారు అధికమై, పాడేవారు కొందరే అయిన కాలంలో ఏ దేశపు కళకైనా ఇది ఆలోచించదగిన విషయం.

చివరి రోజు మధ్యాహ్నం గుడారాలు విప్పుతారు. పచ్చిక మీద కుర్చీల గుర్తులు మిగులుతాయి. శ్రోత జేబులోని జాబితా నలిగిపోయి ఉంటుంది. వచ్చేటప్పుడు తెలియని పేర్లలో కొన్ని ఇప్పుడు అతనికి ఆత్మీయమైనవి. వాటి కింద గీతలు గీసి ఉంటాయి. ఆ జాబితాలో లేని ఒక స్వరం కూడా అతని చెవిలో మిగిలి ఉంటుంది. నిన్న రాత్రి గుడారాల మధ్య, తన చేతులకు పెద్దదైన గిటారును పట్టుకొని, పెద్దలు తలపంకించేదాకా ఓపికగా ఎదురుచూసి, తన వంతు రాగానే తడబడుతూ వాయించిన పసివాని స్వరమది. వాని పేరు ఎవరూ అడగలేదు. రానున్న ఏ వేసవిలోనో జాబితాలో చిన్న అక్షరాలతో ఆ పేరు కనిపించవచ్చు.